ఇంటెగ్రిటీ: మెటాలిక్ హార్డ్‌కోర్ నుంచి బ్లాకెన్డ్ థ్రాష్ వైపు

నిర్వచనం, పరిధి

హార్డ్‌కోర్ పంక్ పాట చట్రంలోకి హెవీ మెటల్ గిటార్ వాయింపు చేరగా ఏర్పడిన శైలిని మెటాలిక్ హార్డ్‌కోర్ అంటారు. 1980ల రెండో సగంలో అమెరికా నగరాల్లో మొలకెత్తి, 1990లలో స్థిరపడింది. పాటలు పొట్టిగా ఉంటాయి. గాయకుడు పాడడు, అరుస్తాడు. పాట మధ్యలోనో చివర్లోనో నడక ఒక్కసారిగా బరువెక్కి, వేదిక ముందున్న జనం ఒకరినొకరు తోసుకుంటూ ఊగిపోయే ఘట్టం వస్తుంది. దీన్ని బ్రేక్‌డౌన్ అంటారు. బ్లాకెన్డ్ థ్రాష్ పుట్టుక వేరు. థ్రాష్ మెటల్ వేగానికి, పదునైన గిటార్ కోతకు, బ్లాక్ మెటల్‌లోని గీర గొంతు, ఎడతెగని మీటు, దైవధిక్కార ప్రతీకలు తోడైతే అది ఏర్పడుతుంది. నార్వే బృందం ఆరా నోయిర్ 1996లో తన తొలి పూర్తి ఆల్బమ్‌కు ‘బ్లాక్ థ్రాష్ అటాక్’ అని పేరు పెట్టింది. ఈ తరహా సంగీతం మాత్రం అంతకు పదిహేనేళ్ల ముందునుంచే ఉంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో 1988లో ఏర్పడిన ఇంటెగ్రిటీ మొదటి శైలికి పునాది వేసిన బృందాల్లో ఒకటి. సుమారు మూడు దశాబ్దాల తర్వాత, 2017లో వచ్చిన ‘హౌలింగ్, ఫర్ ది నైట్‌మేర్ షల్ కన్స్యూమ్’ ఆల్బమ్‌లో ఆ బృందం రెండో శైలికి బాగా దగ్గరగా జరిగింది. ఈ మలుపును కొందరు శైలి మార్పిడిగా, మరికొందరు మార్కెట్ ఎత్తుగడగా వివరిస్తారు. రికార్డులను వరుసగా పరిశీలిస్తే ఈ రెండు వివరణలూ సరిపోవు. బృందం దగ్గర తొలినాళ్లనుంచీ ఉన్న సరుకులోనే పాళ్ళు మారాయి. ఆ సరుకు 1980ల మొదట్లో పంక్, మెటల్ ఇంకా విడిపోని కాలంలో పుట్టినది. ఈ వ్యాసంలోని వాదన ఇదే.

ఉమ్మడి మూలాలు

ఇంగ్లండులోని న్యూకాజిల్ బృందం వెనమ్ 1981లో ‘వెల్‌కమ్ టు హెల్’, 1982లో ‘బ్లాక్ మెటల్’ విడుదల చేసింది. బ్లాక్ మెటల్ అనే పేరు ఈ రెండో రికార్డునుంచే వచ్చింది. వాయింపు మాత్రం ఆనాటి మెటల్ బృందాల శుభ్రమైన పనితనానికి దూరంగా, పంక్‌కు దగ్గరగా, మోటుగా ఉండేది. అదే 1982లో స్టోక్-ఆన్-ట్రెంట్ బృందం డిశ్చార్జ్ ‘హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్’ తెచ్చింది. పేరుకు పంక్ బృందమే అయినా, ఆ రికార్డులోని గిటార్ మోత మెటల్ వాళ్లను కూడా కుదిపేసింది. డిశ్చార్జ్ డ్రమ్ముల నడకకు ఆ బృందం పేరు మీదే డి-బీట్ అనే పేరు స్థిరపడింది. స్విట్జర్లాండ్‌లో హెల్‌హ్యామర్‌ను, ఆ తర్వాత సెల్టిక్ ఫ్రాస్ట్‌ను నడిపిన టామ్ జి. వారియర్ తన మీద డిశ్చార్జ్ ప్రభావం ఎంతో పలుమార్లు బహిరంగంగా చెప్పారు. మెటాలికా 1998 నాటి ‘గరాజ్ ఇంక్.’లో డిశ్చార్జ్ పాటలు రెండు వాయించింది. స్లేయర్ 1986లో తెచ్చిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ పది పాటలనూ అరగంట లోపే ముగిస్తుంది. ఆ పొదుపు హార్డ్‌కోర్ నుంచి వచ్చినదే. అదే బృందం 1996లో పంక్, హార్డ్‌కోర్ పాటలతోనే దాదాపు ఒక పూర్తి ఆల్బమ్ ‘అన్‌డిస్ప్యూటెడ్ ఆటిట్యూడ్’ చేసింది.

స్వీడన్‌లో బాథరీ, జర్మనీలో సోడమ్, డిస్ట్రక్షన్, క్రియేటర్, బ్రెజిల్‌లో సార్కోఫాగో ఈ మిశ్రమాన్ని తలో దిక్కుకూ లాగాయి. ఇప్పుడు బ్లాకెన్డ్ థ్రాష్ అని పిలిచేదానికి అచ్చమైన తొలి నమూనాలు ఇవే. అప్పట్లో థ్రాష్, బ్లాక్ అనే విభజన స్పష్టంగా లేదు. 1990ల ఆరంభంలో నార్వే బృందాలు బ్లాక్ మెటల్‌ను తనకంటూ నియమాలున్న వేరు శైలిగా మలిచాకే విభజన గట్టిపడింది. సరిగ్గా అదే సమయంలో అమెరికాలో మెటాలిక్ హార్డ్‌కోర్ కూడా తన నియమాలు తాను రాసుకుంటోంది. రెండూ ఒకే గనినుంచి ముడిఖనిజం తవ్వుకుని వేర్వేరు కొలుముల్లో కరిగించాయి.

జపాన్ దారిని విడిగా చెప్పాలి. టోక్యో బృందం జి.ఐ.ఎస్.ఎమ్. 1983లో తెచ్చిన ‘డిటెస్టేషన్’లో పంక్ వేగం మీద గిటారిస్టు రాండీ ఉచిదా మెటల్ తరహా సోలోలు వాయించారు. ఇంటెగ్రిటీ గాయకుడు డ్విడ్ హెలియన్ జపాన్ హార్డ్‌కోర్‌కు తాను ఎంత రుణపడి ఉన్నదీ దాచుకోలేదు. న్యూయార్క్ బృందాలను మాత్రమే విని పెరిగిన హార్డ్‌కోర్ బృందంలో ఇలాంటి సోలోలకు చోటు ఉండేది కాదు. ఇంటెగ్రిటీ మొదటి రికార్డుల్లోనే అవి ఉన్నాయి. తర్వాతి పరిణామానికి కీలకం ఈ తేడాలోనే ఉందని ఈ వ్యాసకర్త భావన.

బృంద చరిత్ర

తొలి పూర్తి ఆల్బమ్ ‘దోజ్ హూ ఫియర్ టుమారో’ 1991లో వచ్చింది. గిటారిస్టు ఆరన్ మెల్నిక్ వాయింపులో స్లేయర్ తరహా కోత ఉంది, ఏడుపులా సాగే సోలోలున్నాయి, వాటి కింద హార్డ్‌కోర్ బరువూ ఉంది. 1995లో విక్టరీ సంస్థ ద్వారా ‘సిస్టమ్స్ ఓవర్‌లోడ్’, 1996లో ‘హ్యుమానిటీ ఈజ్ ది డెవిల్’, 1997లో ‘సీజన్స్ ఇన్ ది సైజ్ ఆఫ్ డేస్’ వచ్చాయి. ఆ దశాబ్దం చివరికి మెల్నిక్ తప్పుకున్నారు. అప్పటినుంచి బృందంలో మార్పు లేకుండా నిలిచింది హెలియన్ ఒక్కరే. తర్వాత ఆయన బెల్జియంలో స్థిరపడ్డారు. 2003లో ‘టు డై ఫర్’, 2010లో ‘ది బ్లాకెస్ట్ కర్స్’, 2013లో ‘సూసైడ్ బ్లాక్ స్నేక్’ వెలువడ్డాయి. ఆ తర్వాత డొమినిక్ రోమియో గిటార్ బాధ్యత తీసుకున్నారు. ఆయన అంతకుముందు పుల్లింగ్ టీత్ బృందంలో వాయించేవారు. బాల్టిమోర్ కేంద్రంగా నడిచిన ఎ389 రికార్డింగ్స్ సంస్థ కూడా ఆయనదే. ఇంటెగ్రిటీ రికార్డులు కొన్ని ఆ సంస్థ నుంచే వచ్చాయి. 2017 జూలైలో రిలాప్స్ సంస్థ ద్వారా ‘హౌలింగ్’ విడుదలైంది.

క్లీవ్‌లాండ్ గురించి రాసేవాళ్లు ఉక్కు కర్మాగారాల మూత, కయహోగా నది నిప్పంటుకున్న 1969 నాటి ఘటన చెప్పి, సంగీతంలోని చీకటికి అదే కారణమనడం పరిపాటి. ఈ వివరణ బలహీనమైనది. కర్మాగారాలు మూతపడిన అమెరికా నగరాలు ఎన్నో ఉన్నాయి, అన్నింటిలోనూ ఈ ధోరణి రాలేదు. ఊళ్లోని సంగీతకారుల మధ్య రాకపోకలు ఇంతకన్నా గట్టి ఆధారం. 1991లో అదే నగరంలో మొదలైన రింగ్‌వార్మ్ బృంద స్థాపకుల్లో ఒకరైన ఫ్రాంక్ నొవినెక్ ఇంటెగ్రిటీలోనూ వాయించారు, తర్వాత హేట్‌బ్రీడ్‌లో చేరారు. వెనమ్ దారిలోనే నడిచే మిడ్‌నైట్ కూడా క్లీవ్‌లాండ్ బృందమే. అథెనార్ అనే పేరుతో ఒకే వ్యక్తి దాన్ని నడుపుతున్నారు. దాని తొలి పూర్తి ఆల్బమ్ ‘సటానిక్ రాయల్టీ’ 2011లో వచ్చింది.

సంగీత నిర్మాణం (చూ. డి-బీట్, బ్రేక్‌డౌన్, ట్రెమొలో మీటు)

మారింది ఏమిటో చేతుల కదలికలో చూస్తే తేటపడుతుంది. మెటాలిక్ హార్డ్‌కోర్ గిటారిస్టు కుడి అరచేతి అంచును తీగలు ముగిసే బ్రిడ్జి మీద ఆనించి, మందపు తీగలను కిందికి మాత్రమే మీటుతాడు. మోగీ మోగనట్టు ‘ధగ్’ మనే ఆ నాదమే లయవాద్యం పని చేస్తుంది. బ్రేక్‌డౌన్‌లో చాలాసార్లు లయ అసలు మారదు. స్నేర్ డ్రమ్ము దెబ్బ రెండింతల దూరంలో పడడం వల్ల వేగం సగానికి దిగినట్టు వినిపిస్తుంది. మీటుకూ మీటుకూ మధ్య నిశ్శబ్దం చేరుతుంది. వేదిక ముందున్నవాళ్లు ఆ నిశ్శబ్దంలోనే కదులుతారు. బ్లాక్ మెటల్ గిటారిస్టు అరచేతిని లేపేస్తాడు. తీగ స్వేచ్ఛగా మోగుతుంటే పైకీ కిందికీ ఆపకుండా మీటుతాడు. దీన్ని ట్రెమొలో మీటు అంటారు. నిమిషానికి 200 లయ దెబ్బలున్న పాటలో దెబ్బకు నాలుగు చొప్పున, అంటే మన చతురశ్ర నడలో, మీటితే నిమిషానికి 800 మీటులు, సెకనుకు 13 పైచిలుకు. అంత దగ్గరగా పడితే చెవి మీటులను విడివిడిగా పోల్చుకోలేదు, ఒక్క సాగిన స్వరంగా వింటుంది. మొదటి పద్ధతిలో గిటార్ డ్రమ్ములతో కలిసి మోదుతుంది. రెండో పద్ధతిలో డ్రమ్ముల పైన పొగలా పరుచుకుంటుంది. థ్రాష్ ఈ రెండింటి నడుమ నిలుస్తుంది, చేతిని ఆనించి వాయించడం, ఎత్తి వాయించడం వెంటవెంటనే మారుతుంటాయి. అందుకే ఒకవైపునుంచి మరోవైపుకు వెళ్లే బృందానికి థ్రాష్ మీదుగానే దారి ఉంటుంది.

స్వరాల విషయానికొస్తే ఈ శైలులన్నీ ఆధార షడ్జమం పక్కనే ఉన్న శుద్ధ రిషభాన్ని, ప్రతిమధ్యమాన్ని ఇష్టంగా వాడతాయి. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అనే స్వరక్రమం మన హనుమతోడి మేళంతో సరిగ్గా సరిపోతుంది. గమకాలు ఉండవు కాబట్టి వినడానికి రెండింటికీ పోలిక తక్కువ. ముఖ్యమైన విషయం మరొకటి. ఈ స్వరాల ఎంపికలో ఇంటెగ్రిటీ 1991లో ఎక్కడుందో 2017లోనూ అక్కడే ఉంది. మారినవి మీటు, డ్రమ్ముల నడక, సోలోల నిడివి. ‘హౌలింగ్’లోని వేగవంతమైన పాటల్లో డి-బీట్, థ్రాష్ నడక ఎక్కువ చోటు ఆక్రమించాయి. గిటార్లు రెండు జంటగా సాగే చోట్ల 1980ల బ్రిటిష్ మెటల్ ఛాయలు కనిపిస్తాయి. ‘సర్పెంట్ ఆఫ్ ది క్రాస్‌రోడ్స్’ నిదానంగా, దీర్ఘంగా సాగే పాట. ‘స్ట్రింగ్ అప్ మై టీత్’ దాదాపు పాత రాక్ పాట నడకలో ఉంటుంది. ఈ రెంటినీ లెక్కలోకి తీసుకుంటే ఆల్బమ్‌ను ఆసాంతం బ్లాకెన్డ్ థ్రాష్ అనడం కుదరదు. మొగ్గు అటువైపు ఉందనడం న్యాయం.

గొంతు సంగతి వేరు. హెలియన్ అరుపు తొలినుంచీ గొంతు లోతులోంచి వచ్చే మొరటు గర్జన. బ్లాక్ మెటల్‌లో వినిపించే ఎత్తైన, పలచని కీచు గొంతు కాదు. 2017లోనూ ఆయన దాన్ని వదల్లేదు. గిటార్లు చల్లగా, దూరంగా మోగుతుంటే ఈ గొంతు మాత్రం చెవి దగ్గరే ఉంటుంది. బృందం ఇంకా హార్డ్‌కోర్‌లోనే ఉందనడానికి బ్రేక్‌డౌన్ల కన్నా ఇదే గట్టి సాక్ష్యం.

భావ ప్రపంచం, వివాదాలు

1990ల హార్డ్‌కోర్‌లో చాలా బృందాలు నైతిక కార్యక్రమం చుట్టూ తిరిగాయి. సిరక్యూస్ నగరపు ఎర్త్ క్రైసిస్ మత్తుకు దూరంగా ఉండడం, జంతు ఉత్పత్తులను విడిచిపెట్టడం ప్రచారం చేసింది. ఇంటెగ్రిటీ తీసుకున్న విషయం మతం, అదీ ప్రళయం, పాపం, ముగింపు తీర్పు. 1960లలో లండన్‌లో పుట్టిన ప్రాసెస్ చర్చ్ అనే మతశాఖ రాతలు హెలియన్‌ను ఆకట్టుకున్నాయి. ‘హ్యుమానిటీ ఈజ్ ది డెవిల్’ అనే పేరుకు మూలం అక్కడే ఉంది. ఈ ధోరణికి ‘హోలీ టెర్రర్’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ‘హౌలింగ్’లోనూ ఇదే ఆసక్తి సాగింది. ఒక పాట 17వ శతాబ్దంలో తానే మెస్సయ్యనని ప్రకటించుకుని, 1666లో ఇస్లాం స్వీకరించిన స్మిర్నా యూదు మార్మికుడు సబ్బతాయ్ జెవీ పేరు మీద ఉంది. మరొక పాట పేరు ‘7 రీస్ మ్యూస్’ చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ లండన్‌లో పనిచేసిన ఇంటి చిరునామా.

ఈ విషయాల మీద విమర్శలూ ఉన్నాయి. ఈ బృందం చార్ల్స్ మాన్సన్ వంటి నేరస్థుడి చుట్టూ ఉన్న ప్రతీకలను వాడుకోవడం బాధితులను మరిచిపోవడమేనని అభ్యంతరపెట్టేవాళ్లు ఉన్నారు. అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. బ్లాక్ మెటల్ వైపు జరిగే ఏ బృందానికైనా మరో బరువు తోడవుతుంది. నార్వేలో 1992 జూన్‌లో ఫాంటాఫ్ట్ కొయ్య చర్చి దహనం, 1993లో మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్ హత్య, ఆ తర్వాత ఆ శైలిలోని ఒక పాయలో పెరిగిన జాత్యహంకార భావాలు మరపున పడలేదు. ఒక శైలినుంచి మీటు పద్ధతిని తీసుకోవడం వేరు, దాని భావజాలాన్ని తీసుకోవడం వేరు. 2017 ఆల్బమ్‌లో కనిపించేది మొదటిదే. ఆ తేడాను తేల్చి చెప్పే బాధ్యత మాత్రం శ్రోతది కాదు, బృందానిదే.

మలుపుకు కారణాలు: అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం సంస్థ గురించి. రిలాప్స్ మెటల్ రికార్డులకు పేరుపడ్డ సంస్థ. ముందు రింగ్‌వార్మ్, తర్వాత ఇంటెగ్రిటీ అక్కడికి చేరాయి. కాబట్టి మెటల్ శ్రోతల కోసమే సంగీతం మార్చారన్నది వాదన. కాలక్రమం దీనికి అడ్డు వస్తుంది. చీకటి థ్రాష్ వైపు మొగ్గు 2010 నాటి ‘ది బ్లాకెస్ట్ కర్స్’లోనే స్పష్టంగా ఉంది. ఆ రికార్డును తెచ్చింది డెత్‌విష్, కన్వర్జ్ గాయకుడు జేకబ్ బానన్ స్థాపకుల్లో ఒకరుగా ఉన్న హార్డ్‌కోర్ సంస్థ. అంటే మొగ్గు ముందు కనిపించింది, సంస్థ తర్వాత మారింది. కొత్త సంస్థ వల్ల రికార్డింగ్ నాణ్యత, శ్రోతల సంఖ్య మారి ఉండవచ్చు, దిశ మాత్రం దానివల్ల మారలేదు.

రెండోది ఇంతకన్నా బరువైనది. గిటారిస్టు మారాడు కాబట్టి సంగీతం మారింది, దీనికి చరిత్రతో పనేమిటి అన్నది. ఇందులో నిజం ఉంది. ‘హౌలింగ్’ గిటార్ వాయింపు రోమియోది, ఆ జంట గిటార్ల పని ఆయనది. మరొకరైతే ఆల్బమ్ ఇలా వచ్చేది కాదు. కానీ గిటారిస్టు మారిన ప్రతి బృందమూ ఇటువైపే రాదు. రోమియో బయటినుంచి అపరిచితుడిగా వచ్చినవాడు కాదు. ఇంటెగ్రిటీ రికార్డులు విడుదల చేసిన సంస్థ ఆయనదే. మెల్నిక్ కాలంలో సోలోలకు దొరికిన చోటునే ఆయన విశాలం చేశారు. వ్యక్తి కారణమే, అయితే ఆ వ్యక్తికి అవకాశం ఇచ్చింది బృందం పూర్వ సంగీతం.

మూడోది వాదన పద్ధతి మీదే. తర్వాత జరిగింది తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ఏ రికార్డులోనైనా దాని విత్తనం దొరుకుతుందని, ఇది ఫలితాన్ని ముందు కాలానికి అంటగట్టడమని అనవచ్చు. దీన్ని పరీక్షించడానికి ఒక మార్గం ఉంది. అదే తరం, అదే మూలాలు ఉన్న ఇతర బృందాలు ఏమయ్యాయో చూడాలి. ఉమ్మడి మూలం ఉన్నంత మాత్రాన మలుపు తప్పనిసరి అయ్యేట్టయితే అందరూ తిరగాలి. అలా జరగలేదు. ఎర్త్ క్రైసిస్, హేట్‌బ్రీడ్ స్లేయర్‌ను విన్నవే, అయినా మధ్యస్థ వేగంలో మోదే నడకనే ప్రధానంగా నిలుపుకున్నాయి. వాటి పాటలు ఉద్యమం గురించో, మనోబలం గురించో ఉంటాయి. అలాంటి మాటలకు అందరూ కలిసి అరవగల మోత నడక కావాలి, పరుచుకునే గిటార్ పొగ అడ్డమే అవుతుంది. చీకటి వేగం వైపు జరిగిన పాత బృందాల్లో రెండు లక్షణాలు తొలినుంచీ కలిసి ఉన్నాయి: థ్రాష్ తరహా సోలో వాయింపు, మతం లేదా ప్రళయం గురించిన రాత. రింగ్‌వార్మ్‌లో రెండూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఆల్ అవుట్ వార్ 1998 ఆల్బమ్ పేరే ‘ఫర్ దోజ్ హూ వర్ క్రూసిఫైడ్’. ఉమ్మడి మూలం అవకాశాన్ని ఇస్తుంది. దాన్ని వాడుకుంటారా లేదా అన్నది బృందం ఏం చెప్పదలచుకుందన్నదాని మీద ఆధారపడుతుంది.

ఇంతకీ ఇది హార్డ్‌కోర్‌కు ద్రోహమా అన్న ప్రశ్న అభిమానుల్లో తరచూ వినిపిస్తుంది. హార్డ్‌కోర్ అంటే వేదికకూ జనానికీ మధ్య గీత లేకపోవడం, బ్లాక్ మెటల్ అంటే ఏకాంతం, మనుషుల పట్ల విముఖత అని, రెండూ పొసగవని వాళ్ల అభిప్రాయం. సామాజికంగా ఈ తేడా నిజమే. కానీ మానవాళినే దయ్యమని 1996లో రికార్డు పేరుగా అచ్చువేసిన బృందానికి విముఖత 2017లో కొత్తగా అబ్బిందనడానికి వీల్లేదు. ఇంటెగ్రిటీ హార్డ్‌కోర్ లోపల ఉంటూనే ఆ సామూహిక ఆశావాదానికి ఎదురు నిలిచిన బృందం. బ్లాక్ మెటల్ వాయింపు దాని పాత మాటకు మరింత తగిన నాదాన్ని ఇచ్చింది.

సాటి బృందాలు, సమాంతర ధోరణులు

రింగ్‌వార్మ్ గాయకుడు హ్యూమన్ ఫర్నెస్ పేరుతో ప్రసిద్ధుడు. 1993లో ‘ది ప్రామిస్’తో ఆల్బమ్‌లు మొదలుపెట్టిన ఆ బృందం 2014లో ‘హ్యామర్ ఆఫ్ ది విచ్’, 2016లో ‘స్నేక్ చర్చ్’, 2019లో ‘డెత్ బికమ్స్ మై వాయిస్’, 2023లో ‘సీయింగ్ త్రూ ఫైర్’ తెచ్చింది. ఇంటెగ్రిటీతో పోలిస్తే ఇక్కడ థ్రాష్ పాలు ఎక్కువ, వాతావరణ కల్పన తక్కువ. ఆల్ అవుట్ వార్ 2019 నాటి ‘క్రాల్ అమాంగ్ ది ఫిల్త్’, 2023 నాటి ‘సెలెస్టియల్ రాట్’లతో అదే తీరానికి దగ్గరైంది. కాలిఫోర్నియా బృందం గెహెన్నా 1990లలోనే హార్డ్‌కోర్, బ్లాక్ మెటల్‌లను కలిపింది. ఆ కలయిక 2010ల ఆవిష్కరణ కాదనడానికి అది చాలు.

ఎదురు దిశలో జరిగిన ప్రయాణం ఇంకా ఆసక్తికరం. 1992లో ‘ఎ బ్లేజ్ ఇన్ ది నార్దర్న్ స్కై’తో నార్వే బ్లాక్ మెటల్‌కు రూపం ఇచ్చిన డార్క్‌థ్రోన్, 2006లో ‘ది కల్ట్ ఈజ్ అలైవ్’తో పంక్ వైపు తిరిగింది. డి-బీట్, పొట్టి పాటలు, మోటు రికార్డింగ్ అందులో ముందుకొచ్చాయి. ఇంటెగ్రిటీ హార్డ్‌కోర్ నుంచి, డార్క్‌థ్రోన్ బ్లాక్ మెటల్ నుంచి బయలుదేరి వెనమ్, డిశ్చార్జ్‌ల 1982 దగ్గరికే వచ్చాయి. ఏ సంస్థా, ఏ గిటారిస్టూ ఈ రెండు బృందాలకూ ఉమ్మడి కాదు. రెండు శైలులూ నేరుగా కలుసుకున్న సందర్భమూ ఉంది: 2018లో ఇంటెగ్రిటీ, న్యూజెర్సీ బ్లాక్ మెటల్ బృందం క్రీగ్ ఒకే రికార్డును పంచుకుని విడుదల చేశాయి.